కీమోకి ముందే గుండు చేయించుకుంటే జుట్టు రాలడం ఆగుతుందా?

ఆగదు, కానీ రాలేటప్పుడు పడే బాధ కొంత తగ్గుతుంది. కీమో మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి; క్యాన్సర్ కణాలతో పాటు వెంట్రుకల కుదుళ్లలోని కణాలూ ఆ దెబ్బ తింటాయి. పైన జుట్టు ఉన్నా లేకున్నా మందు రక్తం ద్వారా కుదుళ్లకు చేరుతుంది.

ఉదాహరణకు, రొమ్ము క్యాన్సర్‌కి డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కించుకునే మహిళకు సాధారణంగా మొదటి డోసు తర్వాత 2–3 వారాల్లో దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంది. తల దిండుకి ఆనినా కొందరికి నొప్పి పుడుతుంది. జుట్టు పొట్టిగా ఉంటే ఈ యాతన తక్కువ. అయితే మొక్కు తీర్చుకునే గుండులా కత్తితో గీయించుకోవద్దు, ట్రిమ్మర్ వాడండి. కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు చిన్న గాటు కూడా ఇన్ఫెక్షన్ తేవచ్చు. తలకు గాఢత లేని షాంపూ, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. హైదరాబాద్ ఎండలో ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు మెత్తటి కాటన్ స్కార్ఫ్ కట్టుకోండి. తల మీద చీము పొక్కులు, లేదా 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

చాలామంది ఉల్లిరసం, ఆముదం మర్దనా చేస్తే రాలదనుకుంటారు. అవి ఆపలేవు, పైగా ఉల్లిరసం సున్నితమైన చర్మాన్ని మండిస్తుంది. ఇంకో అపోహ మరీ టెన్షన్ పెడుతుంది: జుట్టు రాలకపోతే మందు పనిచేయట్లేదని. అది నిజం కాదు. రాలడం మందు రకాన్ని, మోతాదును బట్టి ఉంటుంది. కొన్ని కీమో మందులకు జుట్టు పలచబడుతుందంతే. రాలిన జుట్టు కూడా చికిత్స ముగిశాక 1–3 నెలల్లో చాలామందికి మళ్లీ మొలుస్తుంది, మొదట్లో కాస్త ఉంగరాలు తిరిగి.