ఎన్నారై సందేహాలు: సీటు వచ్చాక మళ్ళీ ఈ రిజిస్ట్రేషన్ ఏమిటి?

ఏటా జూన్ నెలాఖరుకు నేను విశాఖపట్నం వచ్చి, ఎంవీపీ కాలనీలోని మా అన్నయ్య ఇంట్లో మూడు వారాలు ఉంటాను. ఆగస్టులో అమెరికా విమానం ఎక్కవలసిన పిల్లలను వెంటబెట్టుకొని తల్లిదండ్రులు సందేహాలు తీర్చుకోవడానికి వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. ఈసారి ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, తన కుమారుడి ఐ-20 పత్రాన్ని (విద్యార్థి వీసా కోసం అమెరికా విశ్వవిద్యాలయం ఇచ్చే ధ్రువపత్రాన్ని) ప్లాస్టిక్ ఫోల్డరులోంచి తీసి నా ముందు పెట్టి, "సీటు వచ్చేసింది, వీసా అయిపోయింది, ఫీజు కూడా కట్టేశాం కదండీ. మళ్ళీ ఈ రిజిస్ట్రేషన్ ఏమిటి, అదీ ప్రతి సెమిస్టరుకూ అంటున్నారు?" అని అడిగారు. ప్రశ్న చిన్నదే. కాని నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్న చిక్కుల్లో చాలా వాటికి మొదలు అక్కడే ఉంది కనుక, ఆయనకు ఆ రోజు చెప్పినదాన్ని మరికొంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో చేరిన విద్యార్థికి రిజిస్ట్రేషన్ అన్నది తాను చేసే పనిగా ఎన్నడూ అనుభవంలోకి రాదు. ఏ సెమిస్టరులో ఏ సబ్జెక్టులు చదవాలో విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది, సెక్షను కళాశాలే కేటాయిస్తుంది, టైంటేబుల్ నోటీసు బోర్డు మీదికి వస్తుంది; విద్యార్థి చేయవలసిందల్లా వేళకు పరీక్ష ఫీజు కట్టడమే. మన పెద్దవాళ్ళకైతే రిజిస్ట్రేషన్ అనగానే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయమూ, స్టాంపు కాగితాలూ గుర్తుకొస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయంలో ప్రవేశం దొరకడం అంటే లోపలికి రావడానికి అనుమతి దొరకడం మాత్రమే. ప్రతి సెమిస్టరులోనూ ఏ కోర్సులు, ఎన్ని క్రెడిట్లు (ఒక్కో కోర్సుకు ఉండే బరువు లెక్క), ఏ సెక్షను, తరగతి గదిలోనా ఆన్‌లైనులోనా అన్నది విద్యార్థే ఎంచుకొని, గడువులోగా విశ్వవిద్యాలయంలో నమోదులు చూసే రిజిస్ట్రార్ వ్యవస్థలో నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే అడిగి చేయించేవారు ఎవరూ ఉండరు. ఆ సెమిస్టరుకు అతడు విద్యార్థి కాదు, అంతే.

ఇక్కడే అసలు విషయం ఉంది. విదేశీ విద్యార్థి లెక్క రెండు చోట్ల నడుస్తుంది. ఒకటి విశ్వవిద్యాలయపు రిజిస్ట్రార్ దగ్గర, రెండోది అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల కోసం నడిపే సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో. ఈ రెండింటికీ మధ్య వారధిగా ఉండేది అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని డీఎస్‌ఓ అనే అధికారి. రిజిస్ట్రార్ వ్యవస్థ స్థానిక విద్యార్థికీ మీకూ తేడా చూడకుండా ఒక కోర్సును వదిలేసుకోనిస్తుంది. వదులుకున్న మరుక్షణం మీరు రెండో లెక్కలో నియమం తప్పినవారు కావచ్చు. కంప్యూటరు ఒప్పుకున్నది కదా అన్నది అక్కడ సమాధానం కాదు.

ముందుగా విశ్వవిద్యాలయం తన విద్యార్థులను ఎలా విభజిస్తుందో చూద్దాం. డిగ్రీ కోసం చేరినవారు ఒక వర్గం. డిగ్రీ ఉద్దేశం లేకుండా ఒకటి రెండు కోర్సులు చదివేవారు మరొక వర్గం. మీ ప్రవేశ పత్రంలో మొదటి వర్గమే రాసి ఉందని నిర్ధారించుకోండి. చదువు స్థాయిని బట్టి బ్యాచిలర్, మాస్టర్స్, డాక్టరేట్ అన్న విభజన ఒకటి. ఫీజును బట్టి ఆ రాష్ట్ర నివాసి, నివాసేతరుడు అన్న విభజన మరొకటి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవారు ఎన్నేళ్ళు ఆ రాష్ట్రంలో ఉన్నా సాధారణంగా నివాసేతరులుగానే పరిగణింపబడతారు. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు అసిస్టెంట్‌షిప్ (బోధనలోనో పరిశోధనలోనో సాయపడే జీతపు పని) దొరికినవారికి నివాసి ఫీజునే వర్తింపజేస్తాయి. కనుక ద్వారకానగర్ కన్సల్టెన్సీలో ఎవరైనా "ఏడాది ఉంటే ఫీజు సగమైపోతుంది" అని చెబితే, ఆ మాటను ఆ విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా చెబుతున్నదేమో చూడకుండా ఇంటి బడ్జెట్ వేసుకోకండి.

మనవారికి ఎక్కువగా తగిలే వర్గం షరతులతో కూడిన ప్రవేశం. చివరి సెమిస్టరు ఫలితాలు రాకముందే దరఖాస్తు చేసినవారికి, తుది మార్కుల జాబితా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేదా అసలు పట్టా చూపాలన్న షరతు ఉంటుంది. అవి అందకపోతే మొదటి సెమిస్టరు ఎలాగో గడుస్తుంది గాని, రెండో సెమిస్టరు రిజిస్ట్రేషన్ తెరుచుకునే రోజున మీ ఖాతా మీద హోల్డ్, అంటే రిజిస్ట్రేషన్‌ను ఆపే అడ్డంకి, కనిపిస్తుంది. అప్పుడు మీరు అక్కడ, మీ సర్టిఫికెట్టు ఇక్కడ. నాన్నగారు యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరగాలి. సీలు వేసిన కవర్లలో ట్రాన్‌స్క్రిప్టులు అవసరమనుకున్నదానికంటే రెండు మూడు ఎక్కువే తీసుకొని బయలుదేరండి. మెకానికల్, సివిల్ చదివి అక్కడ కంప్యూటర్ సైన్సులో చేరేవారికి మరో షరతు ఉంటుంది: ముందుగా కొన్ని పునాది కోర్సులు పూర్తి చేయాలి. వాటి ఫీజు పూర్తిగా కట్టాలి, క్రెడిట్లు మాత్రం చాలా చోట్ల డిగ్రీ లెక్కలోకి రావు. అవి పూర్తికాల నమోదు లెక్కలోకి వస్తాయో రావో విభాగపు సలహాదారునూ, డీఎస్‌ఓనూ ఇద్దరినీ ఈమెయిల్లో అడిగి, జవాబును దాచుకోండి.

ఇక అన్నిటికంటే బరువైన విభజన పూర్తికాల విద్యార్థి, పాక్షికకాల విద్యార్థి అన్నది. స్థానికుడికి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం. ఉద్యోగం చేసుకుంటూ సెమిస్టరుకు ఒక్క కోర్సు చదివినా అతడిని ఎవరూ ఏమీ అనరు. ఎఫ్-1 విద్యార్థికి ఇదే ప్రాణం. బ్యాచిలర్ స్థాయిలో సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు ఉండాలని ప్రభుత్వ నియమమే చెబుతుంది. మాస్టర్స్, డాక్టరేట్ స్థాయిలో ఎన్ని క్రెడిట్లు పూర్తికాలమో నిర్ణయించే అధికారం విశ్వవిద్యాలయానిది. చాలా చోట్ల అది 9, అసిస్టెంట్‌షిప్ చేసేవారికి కొన్ని చోట్ల 6. మీ స్నేహితుడి విశ్వవిద్యాలయంలో 6 సరిపోయిందని మీరూ ఆరే తీసుకోవడం కుదరదు. సిద్ధాంత వ్యాసం మాత్రమే మిగిలిన పరిశోధక విద్యార్థులను ఒకటి రెండు క్రెడిట్లతోనే పూర్తికాలం కింద గుర్తించే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంది, కాని అది దానంతటదే వర్తించదు. దానికి పత్రం నింపి సంతకాలు చేయించుకోవాలి.

నేను చదువుకునే రోజుల్లో, రెండో సెమిస్టరులో, ఒక కోర్సు మొదటి వారంలోనే నాకు మించినదని తోచింది. సాయంత్రం గ్రంథాలయంలో కూర్చొని దాన్ని వదిలేశాను. తెర మీద ఏ హెచ్చరికా రాలేదు, ఆ కోర్సుకు కట్టిన డబ్బు ఖాతాలోకి తిరిగి వస్తుందన్న సంతోషం కూడా కలిగింది. మర్నాడు అంతర్జాతీయ కార్యాలయం నుంచి వచ్చిన ఈమెయిలు చదివితే కాళ్ళు చల్లబడ్డాయి. కోర్సులు చేర్చుకునే గడువు ఇంకా రెండు రోజులు మిగిలి ఉండటం వల్ల మరో కోర్సు పట్టుకొని బయటపడ్డాను. ఆ గడువు దాటి ఉంటే నా కథ వేరుగా ఉండేది. అందుకే నేను పిల్లలకు చెప్పే మొదటి మాట: కోర్సు చేర్చుకోవడానికి మీ ఇష్టం, తీసివేయడానికి ముందు డీఎస్‌ఓ అనుమతి.

పూర్తికాలం కంటే తక్కువకు దిగడానికి న్యాయమైన దారులు ఉన్నాయి, వాటిని తెలుసుకోవడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. ఆంగ్లంతోనో, చదవవలసిన పాఠ్యభారంతోనో మొదట్లో ఇబ్బంది పడినవారికీ, అక్కడి బోధనా పద్ధతి అలవాటు లేనివారికీ, తమ స్థాయికి తగని కోర్సులో పడినవారికీ డీఎస్‌ఓ తక్కువ భారానికి అనుమతి ఇవ్వవచ్చు. ఇది ఒక స్థాయి చదువులో ఒక్కసారికే దొరుకుతుంది, అప్పుడు కూడా పూర్తి భారంలో సగానికి తగ్గకూడదు. అనారోగ్యం కారణమైతే వైద్యుడి పత్రంతో, ఒక స్థాయి చదువులో మొత్తం 12 నెలల వరకు, అవసరమైతే ఏ కోర్సూ లేకుండా కూడా అనుమతి లభిస్తుంది. మనసు బాగోలేకపోవడం కూడా అనారోగ్యమే. ఇంట్లో చెప్పుకోలేక, కార్యాలయంలోనూ చెప్పక, తరగతులకు వెళ్ళడం మానేసి విద్యార్థిగా అమెరికాలో ఉండే హోదా పోగొట్టుకున్న పిల్లవాడిని నేను ఎరుగుదును. అనుమతులన్నిటికీ ఒకటే నియమం: ముందు అనుమతి, తర్వాతే తగ్గింపు. తారుమారైతే కారణం ఎంత నిజమైనదైనా దాన్ని సరిదిద్దడం కష్టం.

పైకి పూర్తికాలంలా కనిపించి లెక్కలో తగ్గిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. ఆన్‌లైను కోర్సుల్లో సెమిస్టరుకు ఒక్కటి, అంటే 3 క్రెడిట్లకు మించనిది, మాత్రమే పూర్తికాల లెక్కలోకి వస్తుంది. మూడు కోర్సుల్లో రెండు ఆన్‌లైను తీసుకొని, మిగిలిన సమయంలో ఏదో పని చేసుకోవచ్చునని లెక్కలు వేసే తెలివైనవాళ్ళు మన ఊళ్ళలో తక్కువ లేరు. ఆడిట్ పద్ధతిలో, అంటే గ్రేడు లేకుండా కూర్చొని వినే కోర్సు, ఆ లెక్కలోకి రాదు. మధ్యలో విరమించుకొని డబ్ల్యూ తెచ్చుకున్న కోర్సు మార్కుల పట్టికలో కనిపిస్తుంది గాని, మిమ్మల్ని పూర్తికాల విద్యార్థిగా నిలబెట్టదు.

తేదీల విషయానికి వద్దాం. ఐ-20లో రాసిన ప్రోగ్రాం ప్రారంభ తేదీకి 30 రోజులకంటే ముందు దేశంలో అడుగుపెట్టనివ్వరు. ప్రారంభమైన 30 రోజుల్లోగా మీ నమోదును డీఎస్‌ఓ సెవిస్‌లో ధ్రువీకరించాలి. హైదరాబాదు కాన్సులేటులో వీసా ఇంటర్వ్యూ తేదీ ఆలస్యమైనవారు, ప్రారంభ తేదీ దాటాక ఎలాగో వెళ్ళిపోదామనుకోకుండా, ఆలస్యపు రాకకు విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేక జనవరికి మార్చుకొని కొత్త ఐ-20 తీసుకోవాలో ముందే తేల్చుకోవాలి. చాలా విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్ళల టీకా అయిన ఎంఎంఆర్ రెండు మోతాదుల రుజువు లేనిదే రిజిస్ట్రేషన్ తెరవవు. ఆ రెండు మోతాదుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కనుక, ఆవకాయ జాడీల సంగతి తర్వాత చూసుకున్నా పరవాలేదు, మొదటి మోతాదు మాత్రం ఈ వారమే వేయించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. సర్టిఫికెట్ల మీది పేరుతో రిజిస్ట్రార్ దానిని సరిపోల్చలేక ఆపవచ్చు. ఇంకా సమయం ఉన్నవారు పాస్‌పోర్టులోనే దిద్దించుకోవడం మేలు.

నమోదు చేసుకుంటే చాలు, చదవకపోయినా ఫరవాలేదన్న ఆలోచన ఎక్కడికి చేరుస్తుందో మనవారు రెండుసార్లు చూశారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు తెలుగు విద్యార్థులు ఎందరో దిక్కుతోచక నిలబడ్డారు; కొందరి కాళ్ళకు వారు ఎక్కడున్నారో తెలిపే రేడియో పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఇంకా విచిత్రమైనది: దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ విభాగపు అధికారులే. అక్కడ అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారులపై అభియోగాలు మోపారు, చేరినవారిలో చాలామందిని నిర్బంధించారు. ప్రభుత్వం అలా వల పన్నడం న్యాయమా అని నేనూ ఆనాడు కోపగించుకున్నాను; ఇప్పటికీ పూర్తిగా సమాధానపడలేదు. అయినా తరగతి గది లేని చోట ఫీజు కట్టి హోదా కొనుక్కోవచ్చని చెప్పే మనిషి తెలుగువాడైనా, మన పక్క వీధివాడైనా నమ్మకండి.

పెళ్ళయినవారి ప్రశ్న ఒకటి తరచుగా వస్తుంది. ఎఫ్-1 విద్యార్థి భార్య లేదా భర్త ఎఫ్-2 వీసా మీద వస్తే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో పాక్షికకాలం మాత్రమే చదవవచ్చు. పూర్తికాలం చదవాలంటే ముందు ఎఫ్-1కు మారాలి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా మీద, ఉన్నవారికి ఆ పరిమితి లేదు, వారు పూర్తికాలమూ చదవవచ్చు. అన్నావదినలను చూడటానికి సందర్శకుల వీసా మీద వచ్చి, పనిలో పనిగా ఒక డిగ్రీలో చేరిపోదామనుకునే తమ్ముళ్ళకు మాత్రం దారి లేదు. బీ-2 మీద ఉండగా డిగ్రీ చదువులో నమోదు కావడమే నిషిద్ధం.

వేసవి సెమిస్టరులో నమోదు చేసుకోనవసరం లేదు, తర్వాతి సెమిస్టరులో కొనసాగే ఉద్దేశం ఉంటే అది మీకు సెలవే; అయితే మీ చదువు మొదలైందే వేసవిలో అయితే ఆ వేసవిలో పూర్తికాలం చదవాల్సిందే. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారేవారు, సెవిస్ రికార్డు కొత్త విశ్వవిద్యాలయానికి విడుదలైన తేదీ తర్వాత పాతచోట మీకు ఏ అధికారమూ లేదనీ, కొత్తచోట తరగతులు 5 నెలల్లోగా మొదలుకావాలనీ గుర్తుంచుకోవాలి.

చివరి సెమిస్టరులో డిగ్రీకి ఇంకా ఒకటి రెండు కోర్సులే మిగిలినవారు పూర్తికాలం తీసుకోనవసరం లేదు, తక్కువ భారానికి అనుమతి దొరుకుతుంది. మా పెద్దాయన కుమారుడు ఇది విని, "అయితే అంకుల్, ఆ ఒక్క కోర్సూ ఆన్‌లైనులో తీసుకొని, చికాగోలో మా బాబాయి ఇంట్లో ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు కదా?" అని అడిగాడు. కూడదు. డిగ్రీకి ఒక్క కోర్సే మిగిలినప్పుడు దానిని తరగతి గదిలో కూర్చొనే పూర్తి చేయాలి.