పొలం అన్నయ్య పేరున మారినట్టే, నాన్న తయారు చేసిన మిరప రకం కూడా అన్నయ్యదేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా ఊళ్లో మిరపకు మొదట డ్రిప్ వేసింది మా నాన్నే. అప్పుడు అందరూ నవ్వారు. తర్వాత ఒక ఏడాది బొబ్బర తెగులుతో తోటంతా ముడుచుకుపోతే, పచ్చగా నిలబడ్డ ఒక్క చెట్టు కాయల్ని విడిగా ఎండబెట్టాడు. అక్కణ్నుంచి 18 ఏళ్లు మంచి చెట్లను ఎంచుకుంటూ సొంత రకం తయారు చేశాడు. కల్లంలో కాయలు ఏరి విత్తనం తీసేది మా అమ్మ. అడిగిన రైతులకు ఊరికే ఇచ్చేవాళ్లు. పోయిన కార్తీకంలో నాన్న గుండెపోటుతో పోయాడు. ఆస్పత్రిలో ‘పొలం అబ్బాయిలది, విత్తనం అమ్మాయిది’ అన్నాడు. కాగితం ఏమీ రాయలేదు. నాన్న కొన్న 4 ఎకరాల 60 సెంట్లకు పెద్దన్నయ్య పాస్‌బుక్ తన పేరున మార్పించుకున్నాడు, రకం కూడా నాదే అంటున్నాడు. ఇంతలో ఒక వ్యాపారి అదే విత్తనాన్ని తన పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాడు. నాన్న పేరు నిలిచే దారి ఉందా? – ఒక కూతురు, విజయవాడ

జవాబు: అమ్మా, మీకు కష్టమనిపించే మాట ముందే చెప్పేస్తాను. ఆస్పత్రిలో నోటితో చెప్పింది వీలునామా కాదు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. కానీ అది రాతలో ఉండాలి, ఆయన సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉండాలి. నోటిమాట వీలునామా యుద్ధంలో ఉన్న సైనికుల్లాంటి వాళ్లకే చెల్లుతుంది.

పొలం సంగతి తేలికే. ఆయన స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, ఇద్దరన్నయ్యలకు, మీకు సమానంగా ఎకరం 15 సెంట్ల చొప్పున వస్తుంది. మీ నాయనమ్మ బతికి ఉంటే ఆవిడా ఐదో వాటాదారు. పాస్‌బుక్ మారినంత మాత్రాన హక్కు మారదు. రికార్డుల్లో జరిగిన ఈ పేరు మార్పు (మ్యుటేషన్) మీద ఆర్డీఓకు అప్పీలు చేసుకోవచ్చు. దానికి 60 రోజుల గడువుంది, తేదీ చూసుకోండి. అది దాటిపోయినా సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేయవచ్చు.

ఇక విత్తనం. దీనికి వేరే చట్టం ఉంది: 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం. కొత్త రకాన్ని తయారు చేసిన రైతుకు కంపెనీ శాస్త్రవేత్తతో సమానంగా దాన్ని రిజిస్టర్ చేయించుకునే హక్కు ఇందులో ఇచ్చారు. రకాన్ని తయారు చేసినవాళ్లు చనిపోతే వారసులు దరఖాస్తు పెట్టవచ్చు. రకం ఏ సర్వే నంబరులో పండిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కాబట్టి మీ అన్నయ్య వాదన నిలబడదు. అలాగని అది మీ ఒక్కరిదీ కాదు.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోట నేను ఆగాను. కల్లంలో కాయలు ఏరింది మీ అమ్మగారు. ఈ చట్టంలో ‘రైతు’ అంటే దున్నేవాడే కాదు. సంప్రదాయ రకాల్లో మంచి గుణాలు గుర్తించి, ఎంపిక చేసి వాటి విలువ పెంచినవాళ్లు కూడా రైతులే. ఏ చెట్టు కాయ విత్తనానికి ఉంచాలో, ఏది మార్కెట్ యార్డుకు పంపాలో 18 ఏళ్లు ఆవిడ కూడా తేల్చి ఉంటే, ఆవిడ భర్త ఆస్తికి వారసురాలు మాత్రమే కాదు, ఆ రకాన్ని తయారు చేసిన ఇద్దరిలో ఒకరు. అప్పుడు పిల్లలు ముగ్గురి వాటా నాన్నగారి భాగంలోనే. ఇలాంటి కేసుల్లో ఆడవాళ్లు ‘నేనేం చేశాను, ఆయన చెప్పినట్టు ఏరాను’ అనేస్తారు. ఆవిడ చేత ఆ మాట ఎక్కడా రాయించకండి. కూర్చోబెట్టి, ఏ కాయ ఎందుకు తీసేసేదో అడిగి రాసుకోండి.

కాబట్టి దరఖాస్తు అమ్మగారి పేరున, ముగ్గురు పిల్లలూ వారసులుగా కలిసి పెట్టండి. మీ అన్నయ్య ఆవిడను దాచి ఒక్కడే రిజిస్టర్ చేయించుకుంటే, అర్హత లేనివాళ్లకు ఇచ్చారన్న కారణంతో అది రద్దయ్యే ప్రమాదముంది. ఆయనకు ఇది చెప్పండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

రైతుకు దరఖాస్తు ఫీజు లేదు. పంచాయతీ జీవవైవిధ్య కమిటీతోనో జిల్లా వ్యవసాయ అధికారితోనో ధ్రువీకరణ చేయించి, ఈ చట్టం కింద రకాలను రిజిస్టర్ చేసే ఢిల్లీలోని అథారిటీకి పంపాలి. ఇప్పటికే సాగులో ఉన్న రైతు రకానికి ‘కొత్తది’ అన్న షరతు లేదు, కానీ దరఖాస్తుకు గడువు ఉంటుంది. మిరపకు అదెంతవరకు ఉందో అథారిటీని ముందు అడగండి. రిజిస్టరైతే మొత్తం 15 ఏళ్ల రక్షణ.

పేరు విషయంలో తొందరపడకండి. నాన్నగారి పేరు పెట్టవచ్చు. ముందు ‘గుంటూరు’ అని తగిలిస్తే మాత్రం ఊరి పేరున్నందుకు రిజిస్ట్రారు ప్రశ్నిస్తారు. గుంటూరు సన్నం మిర్చికి ఆ ప్రాంతం పేరుతో భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉండగా ఆ చిక్కు మనకెందుకు?

ఊళ్లో రైతుల మీద కోపం పెట్టుకోవద్దు. రకం రిజిస్టరైనా వాళ్లు విత్తనం దాచుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వవచ్చు, అమ్మనూవచ్చు, బ్రాండు వేయకుండా ఉంటే చాలు. నాన్నగారు ఊరికే పంచినదాన్ని చట్టం తప్పు పట్టదు. ప్యాకెట్ల వ్యాపారి వేరు. విత్తనాలు అమ్మడానికి 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉండాలి. బిల్లు తీసుకుని రెండు ప్యాకెట్లు కొని, లేబుల్ ఫొటోతో వ్యవసాయ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. అతనే ముందు రిజిస్ట్రేషనుకు వెళితే, ప్రకటన వచ్చాక 3 నెలల్లో అభ్యంతరం పెట్టవచ్చు.

ఇంకొకటి. మిరపలో తేనెటీగలు పక్క తోట పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి. రకం ఒకే తీరుగా లేకపోతే రిజిస్ట్రేషను కోసం జరిపే పరీక్షలో పోతుంది. వచ్చే నారు పోసేలోపు కొన్ని మొక్కలను వల కింద విడిగా పెంచే ఏర్పాటు చేసుకోండి. నాన్నగారు తేదీలు వేసిన నోటుపుస్తకాలు, యార్డు చీటీలు, డ్రిప్ బిల్లులు ఏమున్నా జెరాక్స్ తీయించి, అసలువి అమ్మగారి బీరువాలో పెట్టి తాళం వేయండి. నా ఆఫీసుకు వచ్చేటప్పుడు జెరాక్సులే తీసుకురండి.