మీరడిగారు: ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు పట్టదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం గ్రహణాల మీదే, ఎక్కువ స్కూల్ పిల్లలవి. ఒకేలా ఉన్నవి కలిపేసి చెప్తున్నా.

ప్రశ్న: అమావాస్య రోజు చంద్రుడు సూర్యుడికీ భూమికీ మధ్యలోకి వస్తాడని మా పుస్తకంలో ఉంది. మరి నెలనెలా సూర్యగ్రహణం రావాలి కదా? - తొమ్మిదో తరగతి విద్యార్థి, నరసరావుపేట

అసలు చిక్కంతా ఆ పుస్తకంలో బొమ్మతోనేనమ్మా. పేజీలో పట్టాలి కాబట్టి మూడింటినీ పక్కపక్కనే గీసేస్తారు, అది చూస్తే ఎవరికైనా ఇదే డౌట్ వస్తుంది. ఒక పని చెయ్యి, నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ భూమి అనుకో, అప్పుడు చంద్రుడు ఒక శనగ గింజంత, దాన్ని పెట్టాల్సింది పక్కనే కాదు, నిమ్మకాయకి 120 సెంటీమీటర్ల దూరంలో. సూర్యుడు నాలుగు మీటర్ల పైన వెడల్పుండే గోళం, దాన్ని పెట్టాలంటే మీ స్కూల్ గేటు దాటి దాదాపు అర కిలోమీటర్ నడవాలి.

ఇప్పుడు అసలు పాయింట్. చంద్రుడి దారి భూమి తిరిగే దారికి సమంగా ఉండదు, 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అయిదేగా అనిపిస్తుంది కానీ 120 సెంటీమీటర్ల దూరంలో ఆ అయిదు డిగ్రీలకి శనగ గింజ పది సెంటీమీటర్లు పైకీ కిందకీ పోతుంది, నిమ్మకాయే నాలుగు సెంటీమీటర్లు కదా, ఇంక నీడ ఎక్కడ తగుల్తుంది, చాలా అమావాస్యలకి పైనుంచో కిందనుంచో తప్పించుకు పోతుంది. రెండు దారులూ కలిసే చోట్లు రెండే ఉన్నాయి, అమావాస్యో పౌర్ణమో సరిగ్గా ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం. మన పంచాంగాల్లో రాహువు, కేతువు అంటే ఈ రెండు చోట్లే, అందుకే వాటిని గ్రహాల్లో కలిపి లెక్కేసినా ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా కనపడవు. గ్రహణం అంటే నీడేనని ఆర్యభటుడు 499 నాటికే రాసి పెట్టాడు కూడా.

ప్రశ్న: మా పిల్లలు చంద్రగ్రహణాలు చూశారు గానీ సంపూర్ణ సూర్యగ్రహణం ఒక్కటీ చూడలేదు. ఇది అంత అరుదా? - సైన్స్ టీచర్, ఖమ్మం

లేదు టీచర్ గారూ, భూమి మొత్తం మీద చూస్తే సూర్యగ్రహణాలు ఏడాదికి తక్కువలో తక్కువ రెండు వస్తాయి. మనకి దొరక్కపోవడానికి కారణం నీడ సైజు. భూమి నీడ చంద్రుడి దగ్గర కూడా చంద్రుడికి రెండున్నర రెట్లకి పైనే ఉంటుంది, చంద్రుడు అందులో మునిగితే అప్పుడు రాత్రిగా ఉన్న వాళ్ళందరికీ కనిపిస్తుంది. చంద్రుడి నీడ అలా కాదు, భూమికి చేరేసరికి మొన తేలిపోయి మహా అయితే రెండు మూడు వందల కిలోమీటర్ల పట్టీ, ఒక్కోసారి అసలు అందదు, అప్పుడే సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలే వలయాకార గ్రహణం. ఒకే ఊరికి సంపూర్ణ గ్రహణం మళ్ళీ రావాలంటే సగటున మూడు వందల ఏళ్ళకి పైనే.

కానీ మన అదృష్టం చూడండి. 1868 ఆగస్టు 18న ఆ పట్టీ మచిలీపట్నం, గుంటూరు మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన పనిగట్టుకుని గుంటూరు వచ్చి కూర్చున్నాడు, సూర్యుడి అంచున లేచే మంటల్ని స్పెక్ట్రోస్కోప్ లో, అంటే వెలుగుని రంగులుగా విడదీసే పరికరంలో చూస్తే, ఒక్కో మూలకానికీ ఉండే రంగు గీతలు ఎంత బ్రైట్ గా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా ఇవి కనపడాలే అనుకుని మర్నాడు చూశాడు, కనపడ్డాయి! ఆ గ్రహణంలో దొరికిన పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు, అదే హీలియం. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. గుంటూరు పిల్లలకి ఈ కథ మొదటి పాఠంగా చెప్పాలని నా గొడవ.

తర్వాత 1980 ఫిబ్రవరి 16. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉంది, సైంటిస్టులు అక్కడ దిగారు, జనం మాత్రం తలుపులేసుకుని ఇళ్ళల్లో ఉన్నారు, వాళ్ళని బయటికి రానీకుండా దూరదర్శన్ మధ్యాహ్నం సినిమా కూడా వేసింది. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగించండి, చాలామందికి గుర్తుంటుంది.

ప్రశ్న: చంద్రుడు ఎర్రగా ఎందుకయ్యాడు? - ఆరో తరగతి, కర్నూలు

2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రగ్రహణమే కదా నువ్వడిగేది, 82 నిమిషాలు భూమి నీడలో పూర్తిగా ఉన్నాడు. సూర్యుడి వెలుగు భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్ళి చంద్రుడి మీద పడుతుంది, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగుల్తుంది. సాయంత్రం సూర్యుడు ఎర్రబడేదీ ఇందుకే.

ప్రశ్న: ఎక్స్ రే ఫిల్మ్ తోనో, పళ్ళెంలో పసుపు నీళ్ళలోనో సూర్యగ్రహణం చూడొచ్చా? - విజయనగరం

వద్దు, రెండూ వద్దు. మంచి గ్రహణం కళ్ళజోడు లక్షలో మూడు పాళ్ళు వెలుగే లోపలికి వదుల్తుంది, నీళ్ళు తక్కువలో తక్కువ రెండు వేల పాళ్ళు మన కంట్లోకి కొడతాయి. కన్ను లోపలి రెటీనాకి నొప్పి తెలీదు కాబట్టి కాలేటప్పుడు కూడా ఏమీ అనిపించదు, అదీ భయం. అట్టముక్కకి గుండుసూదితో బెజ్జం పెట్టి నేల మీద పడే బింబం చూడండి, ఖర్చు లేదు. వేపచెట్టు కింద చూసినా ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలన్నీ నెలవంకల్లా ఉంటాయి. చంద్రగ్రహణానికి ఇవేం అక్కర్లేదు, మామూలుగా చూసెయ్యొచ్చు.

ప్రశ్న: గ్రహణం రోజు మా నానమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది, నిజంగా నిలబడింది! - ఏడో తరగతి, సిద్దిపేట

నిలబడుతుంది, అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. మామూలు మంగళవారం ఎవరూ ట్రై చెయ్యరు అంతే. సూర్యచంద్రులు ఒకే వైపు లాగడం వల్ల అంటారు, ఆ లాగుడు ప్రతి అమావాస్యకీ ఉండేదే. ఈసారి గ్రహణం రోజూ, మామూలు రోజూ కూడా పెట్టి చూడు, నానమ్మతోనే పెట్టించు, నాకు కాదు ఆవిడకి నమ్మకం కుదరాలి.

ప్రశ్న: మళ్ళీ ఎప్పుడు? - చాలామంది

2028 డిసెంబర్ 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం, పది దాటాక మంచి జోరు మీద ఉంటుంది, న్యూ ఇయర్ కి ఎలాగూ మేలుకునే ఉంటారు. 2031 మే 21న వలయాకార సూర్యగ్రహణం కేరళ, తమిళనాడు మీదుగా పోతుంది, మనకి పాక్షికమే, ఉంగరం చూడాలంటే మదురై వైపు రైలెక్కాలి. సంపూర్ణం కావాలంటే 2034 మార్చి 20, అది కశ్మీర్, లడఖ్ వైపు.