ఏ పేజీ దగ్గర ఆగిపోతున్నారు?

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్నాను. లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టం. ఎనిమిదేళ్ల వయసు నుంచి జలాంతర్గామి సాహస కథలంటే ప్రాణం. నోటుపుస్తకాల నిండా ఆ బొమ్మలే. కథల పిచ్చి కూడు పెట్టదని నాన్న అంటున్నారు. ఈ ఇష్టానికి తగిన చదువు ఉందా?

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. కథలు చదివారని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మిగతా సగానికి సైమన్ లేక్ సాక్ష్యం. ఈ అమెరికన్ చిన్నతనంలో ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సముద్రగర్భ నవల చదివి, ఆ ధ్యాసతోనే పెరిగి జలాంతర్గాములు కట్టాడు. 1898లో ఆయన కట్టిన ఆర్గొనాట్ అనే జలాంతర్గామి సముద్ర ప్రయాణం చేసినప్పుడు వెర్న్ స్వయంగా అభినందిస్తూ తంతి పంపాడు.

ఇలాంటి ఇష్టంతో వచ్చేవాళ్లను నేను ముందుగా మార్కులు అడగను. కథలో ఏ పేజీ దగ్గర ఆగి మళ్లీ చదువుతారని అడుగుతాను.

లోతుకు దిగుతుంటే గోడలు కిర్రుమనే చోట ఆగుతారా? అయితే నేవల్ ఆర్కిటెక్చర్ (నౌకల రూపకల్పన), ఓషన్ ఇంజినీరింగ్, లోహశాస్త్రం చూడండి. నా బల్ల మీద బొటనవేలంత థర్మాకోల్ కప్పు ఒకటి ఉంటుంది. ఒకప్పుడు మామూలు కాఫీ కప్పే. పరిశోధన నౌకలో పనిచేసే పాత విద్యార్థి ఒకరు దాన్ని పరికరాలతో పాటు లోతుకు దింపి, నీటి ఒత్తిడికి కుంచించుకుపోయాక తీసి, నాకిచ్చారు. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 4,000 మీటర్ల దగ్గర గోరంత చోటు మీద దాదాపు 400 కిలోల బరువు. 1960లో ట్రియెస్ట్ అనే లోతు నీటి వాహనంలో, సముద్రాల్లోకెల్లా లోతైన చోటు చాలెంజర్ డీప్ అడుగుకు దిగిన జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ఇద్దరూ కూర్చున్నది రెండు మీటర్ల చిల్లర వ్యాసమున్న ఉక్కు గోళంలో. గోళమే ఎందుకంటే, అది ఒత్తిడిని అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది. ఈ వాక్యం చదివి మీకు ఇంకా తెలుసుకోవాలనిపిస్తే దారి దొరికినట్టే.

శత్రునౌక చప్పుడు చెవులు రిక్కించి వినే పేజీ ఇష్టమైతే ధ్వనిశాస్త్రం, సిగ్నల్ ప్రాసెసింగ్ (రొదలోంచి కావలసిన సంకేతాన్ని వేరుచేసే విద్య). రేడియో తరంగాలు ఉప్పునీటిలో కొంచెం దూరానికే అణగిపోతాయి; ధ్వని మాత్రం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో సాగిపోతుంది. వింత జీవుల పేజీ అయితే సముద్ర జీవశాస్త్రం. 1977లో పసిఫిక్‌లోని గాలపగోస్ దీవుల దగ్గర సముద్రగర్భపు వేడినీటి బుగ్గల చుట్టూ జీవులను కనుగొన్న బృందంలో జీవశాస్త్రజ్ఞులు ఒక్కరూ లేరు. నమూనాలు పాడవకుండా ఉంచడానికి వోడ్కా వాడుకున్నారట!

కెప్టెన్ పేజీలే నచ్చితే నౌకాదళం. ఇక్కడ మాత్రం కథ మిమ్మల్ని మోసం చేస్తుంది. కథల్లోని పెద్ద గాజు కిటికీ నౌకాదళ జలాంతర్గామిలో ఉండదు. వారాల తరబడి సూర్యుడు కనిపించడు, ఇరుకైన పడకలు, బయట సముద్రం ఉందన్న సంగతి మీటర్లే చెబుతాయి. చూడటం ఇష్టమైనవాళ్లకు అది నరకం. వాళ్లకు పరిశోధన నౌకలే మేలు. అక్కడా ఎక్కువ పని మనుషుల్లేని యంత్రాలదే. ఇంజినీరు డెక్ మీది గదిలో తెర ముందు కూర్చుని, కేబుల్ చివరనున్న యంత్రాన్ని నడుపుతాడు. నౌక ఊగుతుంటే కడుపు తిప్పకపోతే చాలు. రోబోటిక్స్ చదివినవాళ్లకు ఇది మంచి చోటు.

కోర్సు తేల్చుకునే ముందు ఒక పని చేయండి. నోటుపుస్తకంలోంచి మీకు బాగా నచ్చిన బొమ్మ తీయండి. ట్యాంకులతో సహా దాని ఘనపరిమాణం 100 ఘనపు మీటర్లు అనుకుంటే, అది తొలగించే సముద్రపు నీరు సుమారు 102.5 టన్నులు. నౌక బరువు 90 టన్నులైతే, మునగడానికి ఇంకా 12.5 టన్నుల నీరు నింపాలి. ఆ ట్యాంకులు మీ బొమ్మలో ఎక్కడ పడతాయి? ముందు నింపితే ముక్కు వాలుతుంది, వెనక నింపితే తోక. ఈ లెక్కతో రెండు ఆదివారాలు విసుగు లేకుండా గడిపితే, ఆ కాగితాలు నాన్నగారికి చూపించండి. ఒక్క పూటకే మూసేస్తే కథలు చదువుకోండి; వేరే చదువు గురించి మళ్లీ రాయండి.