ఆ సోడియం ఎక్కడిది?

చిరంజీవికి ఆశీస్సులు.

సోడియం బ్యాటరీల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. అయితే "ఇనుము, మాంగనీసు కలిసిన పొరల ఆక్సైడు గ్రాముకు 190 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తుంది, ఇక లిథియం పని అయిపోయినట్లే" అన్న వాక్యం దగ్గర చిరాకు పుట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ 190, అంటే గ్రాము పదార్థంలో నిల్వ ఉండే విద్యుత్తు లెక్క, అబద్ధం కాదు. 2012లో జపాన్‌లో కొమాబా అనే శాస్త్రవేత్త బృందం ప్రకటించిన అంకె. కానీ నువ్వు పెన్సిలు పట్టుకుని ఒక్క లెక్క వేసి ఉండవలసింది. ధన ఎలక్ట్రోడుగా వాడే ఆ పీ2 రకం (పేరు సంగతి కింద చెబుతాను) పదార్థంలో తయారీ నాటికి ఒక్కో ఇనుము లేదా మాంగనీసు పరమాణువుకు మూడింట రెండు వంతుల సోడియమే ఉంటుంది. దాన్ని ఆఖరి అయాను దాకా బయటికి లాగినా గ్రాముకు 174కు మించి రాదు. మరి మిగిలినది ఎక్కడిది? ప్రయోగశాలలో ఎదుటి ఎలక్ట్రోడుగా పెట్టిన సోడియం లోహపు రేకుది. అమ్మకానికి వచ్చే సెల్‌లో ఆ రేకు ఉండదు, హార్డ్ కార్బన్ అనే బొగ్గు పదార్థం ఉంటుంది. అది సోడియం ఇవ్వకపోగా, తొలి చార్జింగ్‌లోనే తన మీద పొర కట్టుకోవడానికి కొంత మింగేస్తుంది. అత్తింటి సొమ్ముతో సాగే కాపురాన్ని చూసి అల్లుడి జీతం లెక్కగట్టినట్లుంది నీ వాక్యం.

నా పట్టుదల ఒక్కటే. బ్యాటరీ గురించి ఏ అంకె రాసినా, దేనికి ఎదురుగా, ఏ వోల్టేజీల మధ్య కొలిచారో అదే వాక్యంలో చెప్పి తీరాలి. అలా రాస్తే పాఠకుడు పారిపోతాడని ఒక సంపాదకుడు నాతో ఏళ్ల తరబడి వాదించాడు. నా వ్యాసాల్లో షరతులున్న వాక్యాలనే ఏరి కోసేసి, ఖాళీ అయిన చోట రాకెట్ బొమ్మ వేయించేవాడు. నేను లైబ్రరీ గుమాస్తాను బతిమాలుకుని జర్నళ్లలోని పట్టికలు చేత్తో ఎత్తి రాసుకున్నవాణ్ణి. ఆ చాకిరీలోనే పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కొలత వివరాలు కంటబడేవి. సారాంశం మాత్రం చదివి రాసే ఇప్పటి వాడుకలో అవి ఎవరికీ కనబడవు.

పీ2, ఓ3 అన్న పేర్లు నువ్వు చెప్పి వదిలేశావు. 1980లో ఫ్రాన్స్‌లో డెల్మాస్, ఆయన సహచరులు పెట్టిన పేర్లివి: సోడియం చుట్టూ ఆక్సిజన్లు అష్టముఖిగా చేరితే ఓ, పట్టకంగా చేరితే పీ, పేర్పు ఎన్ని పొరలకొకసారి తిరిగి వస్తుందో ఆ అంకె. పీ2లో సోడియం సులువుగా కదులుతుంది కానీ కొరత ఉంది. ఓ3లో నిండుగా ఉంటుంది, అయితే వాటిలో చాలావాటికి తేమగాలి పడదు. ఉపరితలం మీద కాస్టిక్ సోడా, కార్బొనేటు ఏర్పడి, అల్యూమినియం రేకుకు పూయవలసిన ముద్ద గడ్డకడుతుంది. మన కోస్తా గాలిలో ఆ ముద్ద కలపాలంటే తేమ తీసేసిన గది తప్పదు; "ఉప్పంత చవక" అన్న నీ శీర్షికలో ఆ గది ఖర్చు లేదు.

ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఎంత అన్న ప్రశ్నలు తర్వాత చూద్దాం. రాగి, ఇనుము, మాంగనీసులతో చైనా పరిశోధకులు 2015లో ప్రకటించిన ఓ3 పదార్థాన్ని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. దాని అంకె గ్రాముకు సుమారు 100 మాత్రమే, కానీ అది గాలికి తట్టుకుంది, హార్డ్ కార్బన్‌తో జతకట్టి పనిచేసింది. వ్యాసం అక్కడ మొదలుపెట్టి, ఆ 100 పక్కన నీ 190ని నిలబెట్టి, రెండింటినీ ఎలా కొలిచారో రాసి మళ్లీ పంపు.

ఇట్లు,
మాస్టారు