తొలి వ్యాసం పంపబోతున్న అధ్యాపక మిత్రునికి

మిత్రమా,

మీ లోలకం వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ప్రయోగం నాకు ఎంతో నచ్చింది, కానీ మొదటి రెండు పేజీలూ లోలకం చరిత్రకే సరిపోయి, మీరు చేసిన పని మూడో పేజీకి గానీ కనబడలేదు. భౌతికశాస్త్ర బోధనా పత్రికలను చదివేవారూ మనలాగే పాఠం చెప్పేవారు. సూత్రం వారికి తెలుసు. దాన్ని తరగతిలో ఇంకా బాగా ఎలా చూపించవచ్చో తెలుసుకోవడానికే వారు పత్రిక తెరుస్తారు.

మీ వ్యాసానికి ప్రాణం కొలతలో ఉంది. మీటరు పొడవున్న లోలకాన్ని 30 డిగ్రీల నుంచి వదిలితే, దాని ఆవర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే సమయం) చిన్న కోణాల సూత్రం ఇచ్చే 2.01 సెకన్ల కంటే దాదాపు 1.7 శాతం, అంటే 0.035 సెకన్లు పెరుగుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో జరిగే ఆలస్యమే 0.2 సెకన్ల దాకా ఉంటుంది కనుక ఒక్క డోలనంలో ఆ తేడా చిక్కదు. 20 డోలనాలు లెక్కపెడితే అది 0.7 సెకన్లకు చేరి విద్యార్థి కంటికి ఆనుతుంది. అయితే ఈలోగా గాలి నిరోధం వల్ల కంపన పరిమితి, అంటే లోలకం ఊగే గరిష్ఠ కోణం, తగ్గుతూ వస్తుంది కాబట్టి అసలు తేడా ఆ లెక్కకన్నా తక్కువే ఉంటుంది. ఆ ప్రస్తావన మీ వ్యాసంలో ఎక్కడా లేదు, సమీక్షకులు మొట్టమొదట అడిగేది అదే. చివరి డోలనానికి కోణం ఎంత మిగిలిందో కొలిచి, దోష పరిమితులతో సహా పట్టికలో పెట్టండి.

‘ఈ పద్ధతిలో విద్యార్థులకు బాగా అర్థమైంది’ అన్న వాక్యాన్ని తీసేయండి. అది నిలవాలంటే ముందూ తరువాతా పరీక్షలు పెట్టి ఫలితాలను పోల్చాలి. అది వేరే వ్యాసం అవుతుంది.

1933లో వేరే పేరుతో మొదలై 1940లో ఇప్పటి పేరు పెట్టుకున్న అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ ప్రధానంగా కళాశాల, ఆపై స్థాయి పాఠకులది. పరిచయ స్థాయి బోధనకు 1963లో వచ్చిన ది ఫిజిక్స్ టీచర్ ఉంది. మీ వ్యాసం రెండోదానికే తగునని నా అభిప్రాయం. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు.

పంపేముందు పాత సంచికలు తప్పక వెతకండి. నా తొలి వ్యాసం తిరిగి వచ్చింది, ఎందుకంటే అదే ప్రయోగం అదే పత్రికలో అంతకుముందే వచ్చిందని నేను చూసుకోలేదు. ఆ పాత వ్యాసాన్ని ఉటంకించి, నా కొలత ఎక్కడ భిన్నమో చెప్పి తిరగరాశాకే అంగీకరించారు.

కోణం కొలతలు పూర్తికాగానే పట్టిక నాకు పంపండి. ఆ అంకెలు చూడాలని ఉంది.

మీ శ్రేయోభిలాషి