కేతువు తొమ్మిదింట ఉన్నాడని భయపడకు

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన జాతక చక్రం చూశాను, వరసపెట్టి పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. ఫోన్లో చెబితే సగం విని మిగతా సగం మీ నాన్నకి చెబుతావు, వాడు మళ్ళీ నాకే ఫోన్ చేస్తాడు. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ లక్ష రూపాయల సంగతి. తొమ్మిదింట కేతువు ఉంటే తండ్రికి గండమని, పితృదోషమని, పైగా కాలసర్పమని చెప్పి లక్ష అడిగిన ఆ పెద్దమనిషికి పైసా పంపకు. తొమ్మిదో ఇల్లు పితృస్థానమే, కాదనను. కానీ అక్కడ ఒక గ్రహం కనబడగానే తీర్పు చెప్పేయరు. ఆ ఇంటి అధిపతి ఎక్కడున్నాడు, తండ్రిని సూచించే రవి ఎలా ఉన్నాడు, ఏ దశ నడుస్తోంది, ఇవన్నీ చూశాకే నోరు విప్పాలి. నీ రవి లగ్నంలోనే, అంటే పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న రాశిలోనే ఉన్నాడు. మీ నాన్నకి షుగర్ పెరిగింది కేతువు వల్ల కాదు, మాత్రలు వేళకి వేసుకోక. ఇక కాలసర్పమంటే గ్రహాలన్నీ రాహుకేతువులకి ఒకవైపే ఉండాలి. నీకు చంద్రుడు తులలో, అవతలి వైపు ఉన్నాడు. చక్రం సరిగ్గా చూసినవాడెవడూ ఆ మాట అనడు. వరాహమిహిరుడి పాత జ్యోతిష గ్రంథం బృహజ్జాతకంలో అసలు ఆ యోగం ప్రస్తావనే లేదు.

రెండోది, నీ యాప్. అందులో నీ నార్త్ నోడ్, అంటే మన రాహువే, వర్గోలో ఉందని, అంటే కన్యలో ఉందని చూపించింది. మన చక్రంలో రాహువు సింహంలో ఉన్నాడు. ఏది నిజమని అడిగావు. రెండు లెక్కలూ వాటి పద్ధతిలో సరైనవే. పాశ్చాత్యులది సాయనం, అంటే విషువత్తు నుంచి రాశులు లెక్కపెడతారు. మనది నిరయనం, నక్షత్రాలని బట్టి లెక్క. రెండింటికీ మధ్య తేడాని అయనాంశ అంటారు, సుమారు 24 డిగ్రీలు. నువ్వు పుట్టిన 1998 ఆషాఢంలో రాహువు సాయన లెక్కన కన్య మొదట్లో ఉన్నాడు, 24 తీసేస్తే సింహంలో పడతాడు. ఏదో ఒక పద్ధతి పట్టుకో. యాప్‌లో రాశి, మన చక్రంలో భావం, అంటే ఇల్లు, కలిపి చదివితే అది ఎవరి జాతకమూ కాదు.

ఇంకో మాట. రాహువు ఒక్కో రాశిలో దాదాపు ఏడాదిన్నర ఉంటాడు. అంటే ఆ ఏడాదిన్నరలో పుట్టిన వాళ్ళందరికీ సింహ రాహువే. నీ క్లాసులో సగం మందికి అదే ఉంటుంది. 'సింహంలో రాహువుంటే మీరు ఇలాంటి వాళ్ళు' అనే రీల్స్ చూసి టెన్షన్ పడకు. నీదంటూ తేడా వచ్చేది లగ్నం వల్ల, అంటే రాహువు పడిన భావం వల్ల. అందుకే జన్మ సమయం గట్టిగా అడుగుతాం. నువ్వు సూర్యోదయం వేళ పుట్టావు, మిథున లగ్నం, అందులో సందేహం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాహుకేతువులు కంటికి కనిపించే గ్రహాలు కావు. చంద్రుడు తిరిగే దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ ఖండించుకునే చోట్లే ఇవి. అందుకే ఛాయాగ్రహాలన్నారు, అందుకే ఎప్పుడూ ఒకదానికొకటి సరిగ్గా ఏడో ఇంట ఉంటాయి. గ్రహణాలు నీడల వల్ల వస్తాయని ఆర్యభటుడు 499లోనే రాశాడు. అది తెలిసీ మనవాళ్ళు దొంగచాటుగా అమృతం తాగిన రాక్షసుడు స్వర్భానుడి కథని వదల్లేదు. నాకు ఆ కథ ఇష్టం. అమృతం గొంతు దాటకముందే తల తెగింది. తల రాహువు, మొండెం కేతువు. రాహువుకి నోరుంది, పొట్ట లేదు, ఎంత తిన్నా ఆకలి తీరదు. కేతువుకి ఒళ్ళుంది, తల లేదు, అలవాటైన పని చూసుకోకుండా చేసుకుపోతాడు. జాతకంలో వీళ్ళని చదవడానికి నాకు ఇంతకంటే మంచి సూత్రం దొరకలేదు. కేతువున్న చోట నీకు పుట్టుకతో వచ్చినంత సులువుగా వచ్చేది ఉంటుంది, కానీ అందులో రుచి ఉండదు. రాహువున్న చోట కావాలనీ ఉంటుంది, చేతకాదేమోనని భయమూ ఉంటుంది. కేతువుని వదిలి రాహువు వైపు వెళ్ళిపొమ్మని మీ యాప్ వాళ్ళు చెబుతారు. సగమే నిజం. ఒక్క రాహువు వెనకే పరిగెత్తితే ఆకలి మిగులుతుంది. ఆ తలకి ఈ మొండెం తగిలించాలి.

నీ విషయంలో కేతువు తొమ్మిదింట. ధర్మం, గురువు, పెద్దల మాట. నీకు చిన్నప్పటి నుంచీ ఇది అడక్కుండానే వచ్చింది. శ్లోకం ఒకసారి చెబితే పట్టేసేదానివి, ఎవరైనా పెద్దవాళ్ళు చెబితే ఎదురు అడిగేదానివి కాదు. రాహువు మూడింట. పరాక్రమ స్థానం అది. సొంత ప్రయత్నం, సొంత మాట, చేతిరాత, తోడబుట్టినవాళ్ళు, చిన్న ప్రయాణాలు అన్నీ అక్కడే. ఉపచయం కూడా, అంటే వయసుతో పాటు బలపడే చోటు. రాహువుకి మూడు, ఆరు, పదకొండు మంచివని పాతకాలం నుంచీ చెబుతున్నారు. నిన్ను భయపెట్టిన మనిషి ఈ ముక్క చెప్పాడా?

నక్షత్రాలు చూస్తే ఇంకా బాగుంటుంది. నీ రాహువు మఖలో ఉన్నాడు, మఖకి అధిపతి కేతువు, దేవతలు పితృదేవతలు. నీ కేతువు శతభిషంలో ఉన్నాడు, దానికి అధిపతి రాహువు. ఒకరి ఇంటి తాళం చెవి ఇంకొకరి దగ్గరుంది. పెద్దల దగ్గర నేర్చుకున్నదాన్ని నీ నోటితో, నీ మాటల్లో చెప్పమని నేను దీన్ని చదువుతాను. సింహాధిపతి రవి లగ్నంలో ఉన్నాడు కాబట్టి ఆ పని నీ పేరు మీదే జరగాలి, ఇంకొకరి వెనక నిలబడి కాదు.

ఇదంతా సైన్సని నీతో వాదించను. నీ గురించి నిన్ను నువ్వు సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తుందా లేదా, అంతే చూడు.

ఆ ప్రశ్న అడిగే పద్ధతి చెబుతాను. రాహుకేతువులు రాశిచక్రాన్ని వెనక్కి ఒక చుట్టు తిరిగి రావడానికి 18.6 ఏళ్ళు పడుతుంది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు రాహువు నీ కేతువు మీదికి వచ్చాడు. 2016, 2017ల్లో మళ్ళీ సింహానికి, తన జన్మస్థానానికి వచ్చాడు. 2025 మే నుంచి మళ్ళీ కుంభంలో, నీ కేతువున్న చోట తిరుగుతున్నాడు. ఒక నోటుబుక్కు తీసుకుని ఈ మూడు కాలాల్లో ఏం జరిగిందో రాయి. 2016లో నువ్వు ఇంజినీరింగ్‌లో చేరావు. బ్రాంచి ఎవరు ఎంచుకున్నారో గుర్తు తెచ్చుకో. రాసేటప్పుడు శుభం, అశుభం అనుకోకు. ఎక్కడ నీ మాట చెప్పావు, ఎక్కడ మింగేశావు, అంతవరకే.

తర్వాత రోజువారీ పని. ఆఫీసు మీటింగులో ఎవరూ అడక్కముందే ఒక్క అభిప్రాయం చెప్పు. నువ్వు ఆపేసిన ఆ తెలుగు కథలు మళ్ళీ మొదలుపెట్టు, చేత్తో రాయి. మీ తమ్ముడితో రెండు నెలలుగా మాటల్లేవని మీ అమ్మ చెప్పింది. మూడో ఇల్లంటే వాడే. ఫోన్ చెయ్యి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మూడింట రాహువు లైకుల కోసం, వాదనలో గెలవడం కోసం కూడా నోరు తెరిపిస్తాడు. రాత్రి పదకొండుకి ఎవరికో జవాబు టైప్ చేస్తుంటే అది పరాక్రమం కాదు, ఆకలి.

రాహువుకి పెట్టుకునే గోమేధికం ఉంగరం అడిగావు, నాకు అవసరం కనిపించలేదు. శ్రీకాళహస్తి వెళ్ళాలనుంటే వెళ్ళు, స్వర్ణముఖి ఒడ్డున ఆ వాయులింగాన్ని చూస్తే మనసు కుదుటపడుతుంది. గ్రహణం రోజు గుళ్ళన్నీ మూసినా అది తెరిచే ఉంటుంది. రాహుకేతు పూజకి టికెట్ దేవస్థానం కౌంటర్లోనే ఇస్తారు, మధ్యవర్తులు వద్దు. భయంతో వెళ్ళకు, అంతే. రోజూ వచ్చే రాహుకాలానికీ నీ జాతకంలో రాహువుకీ సంబంధం లేదు కాబట్టి సోమవారం పొద్దున ఏడున్నరకి బయల్దేరొచ్చా అని మళ్ళీ మెసేజ్ పెట్టకు.

ఆఫీసులో టీమ్ లీడ్ పదవి తీసుకోవాలా వద్దా అని అడిగావు, అది నేను చెప్పను. తొమ్మిదింట కేతువున్న పిల్లకి పెద్దనాన్న చెప్పేస్తే ఇంత ఉత్తరం రాసి లాభమేంటి? నెలాఖరులో ప్రజెంటేషన్ ఉందన్నావు, దాన్ని ముందు నాకు పంపకు. అయిపోయాక పంపు. వీడియో ఉంటే మీ పెద్దమ్మ కూడా చూస్తానంటోంది.

మీ పెద్దనాన్న